కుడిచేతి కొలత

"చెయ్యి చాపు," అన్నాడు జహూర్.

అతని భార్య ఖమరున్నీసా కుడిచెయ్యి చాపింది. ఎడమచెయ్యి ఒళ్ళో పడి ఉంది. పక్షవాతం వచ్చిన మూడేళ్ళ నుంచీ అది అట్లాగే పడి ఉంటుంది. ఎడమకాలూ అంతే. వీల్‌చైర్‌ను జహూర్ గుమ్మం ముందు, తన వెల్డింగ్ షాపు రేకుల నీడలో ఆపి ఉంచాడు.

జహూర్ టేపు కొసను ఆమె భుజం మీద పెట్టి, రెండో కొసను వేళ్ళు ముడుచుకునే చోటికి లాగాడు. ఎంత వచ్చిందో చూసుకుని పలక మీద సుద్దతో రాశాడు. తర్వాత తన అరచేతిని ఆమె అరచేతి కింద పెట్టాడు.

"లేవబోతున్నట్టు నొక్కు."

ఆమె నొక్కింది. అతను చేతిని కొంచెం దించాడు. మళ్ళీ నొక్కించాడు. ఇంకొంచెం దించాడు. ఆ ఎత్తులో ఆమె ఒళ్ళు కుర్చీలోంచి వేలెడు పైకి లేచింది. ఆ అంకె కూడా రాసి కింద గీత గీశాడు.

"ఎవరి గేటుకయ్యా నా చేతి కొలత?" అంది ఖమరున్నీసా.

"గేటు గాదు. లాంచీకి."

పాపికొండల కింద తిరిగే రెండంతస్తుల లాంచీ అది. రెండు నెలల నుంచి నడుస్తోంది. రెండు రాత్రుల ట్రిప్పు, పడుకోవడానికి పన్నెండు గదులు. పదకొండు గదులు పైన ఉన్నాయి. కింద, ఎక్కే పలక పక్కనే ఉన్న పెద్ద గది నడవలేనివాళ్ళదని కాగితాల్లో రాసుకున్నారు. పర్మిషన్ ఇచ్చేవాళ్ళు ఆ గది బాత్రూమ్ ఫోటో అడిగారు. అందుకని మేనేజర్ వెంకటేశ్వరరావు జహూర్‌కు కబురు పెట్టి, "ఏవో రెండు పైపులు బిగించవయ్యా, ఫోటోకి కనపడితే చాలు," అన్నాడు.

కొలత లేకుండా పైపు కోసే అలవాటు జహూర్‌కు లేదు. ఫోటో కోసమైనా సరే.

బుధవారం పొద్దున పోచవరం రేవుకు పోయి ఆ పని చేశాడు. ముందు గుమ్మంలోని ఇనుప గడపను కోసేశాడు. గ్రైండర్‌తో అరచెయ్యి రాసినా తగలనంత నున్నగా చేశాడు. గోడ వెనక టేకుచెక్క పెట్టి, కమోడ్‌కు కుడిపక్కన, పలక మీద రాసుకున్న ఎత్తుకు స్టీలు పైపు బిగించాడు. ఎదురుగా గోడకు ఇంకొకటి. కిటికీ రేకు కొయ్యమని ఎవరూ అడగలేదు. అయినా దాన్ని జానెడు కిందికి కోశాడు. కుర్చీలో కూర్చున్న మనిషికి నీళ్ళు కనబడాలంటే అంత కావాలి. చివరికి పైపు పట్టుకుని కాళ్ళు పైకెత్తి తన బరువంతా వేలాడేశాడు. పైపు కదల్లేదు.

వెంకటేశ్వరరావు సెల్‌ఫోన్‌తో నాలుగు ఫోటోలు తీసుకున్నాడు.

"బ్రహ్మాండంగా ఉంది. వాడేదెవరో గానీ."

"శనివారం నా భార్యను తోల్కొస్త సార్. గీ రూమ్ మాకియ్యుండ్రి."

మేనేజర్ ఒక్క క్షణం అతని వంక చూశాడు. "నీకు కాకపోతే ఎవరికిస్తామయ్యా. గది నీదే. వచ్చెయ్."

జహూర్ చెయ్యి గుండె మీద పెట్టుకున్నాడు. గది తన పేరున రాసుకోండి అనలేదు. రెండు టికెట్లు తీసుకుని జేబులో పెట్టుకున్నాడు. వాటి మీద గది నంబరు ఉందా లేదా అని చూడలేదు. భద్రాచలంలో సగం ఇళ్ళ గేట్లు అతను మాట మీద చేసినవే. ఒక్క గేటుకూ కాగితం లేదు.

కొడుకు ఖాలిద్‌కు శుక్రవారం సాయంత్రం దాకా చెప్పలేదు. ఖాలిద్ బ్రిడ్జి సెంటర్లో లాంచీల బుకింగ్ కౌంటర్లో పనిచేస్తాడు. తల్లిని బయటికి తీసుకుపోదామన్నప్పుడల్లా ఏదో ఒకటి అడ్డం చెప్తాడు. అన్నం తింటుంటే చెప్పాడు జహూర్.

"రేపు అమ్మీని లాంచీ ఎక్కిస్తున్న."

ఖాలిద్ ముద్ద ఆపాడు. "అమ్మీనా? ఎట్ల ఎక్కుతది?"

"కింద రూమ్ ఉన్నది గద. మేనేజర్ సార్ మనకే ఇచ్చిండు."

ఖాలిద్ పక్కనున్న సెల్‌ఫోన్ తీసి ఏదో చూశాడు. చాలాసేపు చూశాడు.

"సార్ ఇస్తనన్నడా?"

"అవ్."

"అయితే ఇస్తడు తియ్," అని లేచి చెయ్యి కడుక్కున్నాడు. కంచంలో అన్నం సగం మిగిలింది.

ఖమరున్నీసా అదేమీ గమనించలేదు. పెట్టె తెరిపించి చీర వెతికించుకుంటోంది. "గోదారి మనింటికి అర్ధమైలు లేదు," అంది. "మూడేండ్లాయె సూడక. నడిచెటోళ్ళకు చెప్తే నవ్వుతరు."

*

శనివారం పొద్దున రేవులో వెంకటేశ్వరరావు లిస్టు పట్టుకుని నిలబడ్డాడు. జహూర్ కుర్చీని పలక మీంచి ఎక్కించి, కింద గది వైపు తిప్పాడు.

"ఆగవయ్యా ఆగు," అన్నాడు మేనేజర్. "చిన్న పొరపాటైంది. ఆ గది పదిరోజుల కిందటే బుక్కయిందంట. కంప్యూటర్లో ఉంది. నేను చూసుకోలేదు."

"మీరు మాటిచ్చిండ్రు సార్."

"ఇచ్చాను, కాదన్నానా? కంప్యూటర్ ఇచ్చినదాన్ని నేను తీసుకోలేను కదా. పైన ఇస్తాను. పైన గాలి బాగుంటుంది."

"బుక్ చేసిన్రంటె, నడువరానోళ్ళేనా?"

"ఫారంలో అట్లాగే ఉంది. అది మనం అడగకూడదయ్యా. అడిగితే అవమానించారని కేసు పెడతారు."

జహూర్ కుర్చీని గది వైపు నుంచి వెనక్కి తిప్పాడు. తనలాంటి వాడే ఇంకొకడు, తన భార్యలాంటిదే ఇంకొకామె అనుకున్నాడు. ఒప్పుకున్నాడు.

పైకి ఇనుప మెట్లు పద్నాలుగు. నలుగురు పనివాళ్ళు కుర్చీని నాలుగు మూలలా పట్టి ఎత్తారు. ఏడో మెట్టు దగ్గర కుర్చీ వెనక్కి ఒరిగింది. ఖమరున్నీసా తల మీది కొంగు జారింది. ఆమెకు ఉన్నది ఒక్కటే చెయ్యి. కుర్చీ పట్టుకోవాలి, లేదంటే కొంగు పట్టుకోవాలి. ఆమె కొంగు పట్టుకుంది. మిగిలిన ఏడు మెట్లూ ఏ ఆధారమూ లేకుండా గాలిలో ఊగుతూ ఎక్కింది. పై అంతస్తు వాళ్ళు గదుల్లోంచి బయటికి వచ్చి చూశారు. ఒకాయన "జాగ్రత్త, జాగ్రత్త" అన్నాడు. చెయ్యి వెయ్యలేదు.

పైన గది సరిగ్గా మంచమంత ఉంది. బాత్రూమ్ గడప జానెడు ఎత్తు. తలుపు వెడల్పు జహూర్ కొలవకుండానే చెప్పగలడు. కుర్చీ పట్టదు. ఎత్తుకుని లోపలికి పోదామంటే ఇద్దరు మనుషులు పట్టరు.

రేవులో ఇంకో జీపు ఆగింది. ముప్పై ఏళ్ళ మనిషి ఒకడు బిడ్డను భుజాల మీద ఎక్కించుకుని పలక మీద గబగబా నడిచి వచ్చాడు. చక్రాల పెట్టెను వెనక లాగుతున్నాడు. అతని వెనక భార్య, బిస్కెట్ల సంచితో. ముగ్గురూ నేరుగా కింద గదిలోకి పోయారు. బిడ్డ భుజాల మీంచి దూకి లోపలికి పరుగెత్తింది.

జహూర్ పైనుంచి జీపు వంక చూస్తూ నిలబడ్డాడు. వాళ్ళ వెనక ఇంకెవరో దిగాలి. ముసలి తల్లో, తండ్రో. జీపు తలుపు తెరిచే ఉంది. డ్రైవర్ వచ్చి దాన్ని మూసి, బండి వెనక్కి తిప్పుకుని పోయాడు.

ఎక్కే పలక లాగేశారు. లాంచీ కదిలింది.

వంట చేసే జంపక్క పది గంటలకు చాయ్ తెచ్చింది. ఆమెది నది ఒడ్డు ఊరే. వెదురు కోసి కోసి చేతులు కాయలు కాసి ఉన్నాయి.

"తాగక్కా."

"వద్దు బిడ్డా."

"మంచినీళ్ళు తేనా?"

"వద్దు."

జంపక్క బాత్రూమ్ గడప వంక చూసింది. కుర్చీ వంక చూసింది. గ్లాసు తీసుకుని దిగిపోయింది.

పొద్దు నడినెత్తికి వచ్చింది. కొండలు రెండు పక్కల నుంచీ దగ్గరికి జరిగాయి. అందరూ రెయిలింగ్ దగ్గర నిలబడి ఫోటోలు దిగుతున్నారు. కూర్చున్న ఖమరున్నీసాకు వాళ్ళ వీపులు కనబడుతున్నాయి. భోజనంలో ఆమె పప్పు ముట్టలేదు, మజ్జిగ ముట్టలేదు. పొడి అన్నం నాలుగు మెతుకులు నోట్లో వేసుకుంది. పెదాలు ఎండిపోయి తెల్లపొర కట్టాయి. కొంగు కొసతో తుడుచుకుంది.

జహూర్ కిందికి దిగాడు. పెద్ద గది తలుపు బార్లా తెరిచి ఉంది. బాత్రూమ్ తలుపూ తెరిచే ఉంది. తను బిగించిన పైపు మీద తడి తువ్వాలు, చిన్నపిల్ల గౌను, మగవాడి బనీను ఆరేసి ఉన్నాయి. ఎదురుగా ఉన్న పైపుకు ప్లాస్టిక్ సంచి తగిలించి ఉంది.

"ఎవరు గావాలె చాచా?" అన్నాడు మంచం మీద పడుకున్న మనిషి. సెల్‌ఫోన్లోంచి కళ్ళు తీయలేదు.

"మాది పై రూమ్. నా భార్యకు కాలు, చెయ్యి రెండూ రావు. మీరు పైకొస్తె మేం కిందికొస్తం."

ఆ మనిషి లేచి కూర్చున్నాడు. పేరు కిషోర్, మణుగూరు కాలనీ అన్నాడు. ఓపెన్‌కాస్టు బొగ్గుగనిలో డంపర్ లారీ నడుపుతానన్నాడు. "పాపం," అన్నాడు. "కని పైన రూమ్‌లు ఇరుకు చాచా. పాపతోని కష్టం. మాది పది దినాల కింది బుకింగ్. పేపర్ ఉన్నది, సూపియ్యాల్నా?"

"మీల నడువరానోళ్ళెవరు?"

కిషోర్ ముఖం మారింది. "అది నీకెందుకు? మేనేజర్ అడగలే, నువ్వడుగుతున్నవ్."

అతని భార్య రోజారాణి కిటికీ దగ్గర కూర్చుని బిడ్డకు జడ వేస్తోంది. తల ఎత్తలేదు. జడ మాత్రం విప్పి మళ్ళీ వెయ్యడం మొదలుపెట్టింది.

జహూర్ పైకి వచ్చాడు.

"ఏమన్నరు?" అడిగింది ఖమరున్నీసా.

"పేపర్ ఉన్నదట."

"ఇంగ అడగకు. నా కాళ్ళు సూపెట్టి ఎవరి ముంగట నిలబడకు."

సాయంత్రం లాంచీని కొల్లూరు ఇసుక పక్కన కట్టేశారు. అందరూ దిగి ఇసుకలో నడిచారు. కిషోర్ కూతురితో పందెం పెట్టుకుని పరుగెత్తాడు. కావాలని ఓడిపోయి ఇసుకలో బోర్లా పడ్డాడు. మళ్ళీ లేచి పరుగెత్తాడు. మేనేజర్ కూడా చూశాడు. చూసి వెదురుబొమ్మలు అమ్మేవాళ్ళ వైపు తిరిగాడు.

పొద్దు వాలుతుంటే నలుగురు పనివాళ్ళను మళ్ళీ బతిమాలి కుర్చీని దింపించాడు జహూర్. ఇసుకలో చక్రాలు దిగబడితే అక్కణ్ణుంచి ఎత్తుకున్నాడు. లాంచీ వెనకవైపు, రాళ్ళ చాటుకు తీసుకుపోయాడు. జంపక్క తన చీర తెచ్చి, చేతులు రెండూ బార చాపి అడ్డం పట్టింది. ముఖం నది వైపు తిప్పుకుంది. గాలికి చీర లేచింది. జంపక్క కొసల్ని కాళ్ళ కింద తొక్కిపట్టింది.

ఆ రాళ్ళకు ఎదురుగానే కింద గది కిటికీ ఉంది. జహూర్ జానెడు కిందికి కోసిన కిటికీ. దాని వెనక ఎవరో కదిలారు. కర్టెన్ పడింది.

*

ఆదివారం పొద్దున రోజారాణి పైకి వచ్చింది. కొంగు నడుముకు దోపి ఉంది. అప్పటికే సామాను సర్దినట్టుంది.

"పెద్దమ్మా, నువ్వు కిందికి రా. మేం ఈడికొస్తం."

"వద్దు బిడ్డా. ఇంకొక్క రాత్రే గద."

"నిన్నటి సంది నువ్వు నీళ్ళు తాగలే," అంది రోజారాణి. "నేను సూసిన. రాత్రి నాకూ తాగబుద్ది గాలే."

ఆమె వెనకే కిషోర్ మెట్లెక్కి వచ్చాడు. చేతిలో చక్రాల పెట్టె ఉంది. ముఖం ముడుచుకుని ఉంది. పెట్టెను గుమ్మంలో ధన్‌మని పెట్టాడు.

"పోతున్నం గద. ఇంగ మమ్ములను దొంగలను సూసినట్టు సూడకు చాచా. నేనేం అబద్ధం కల్పించలే. కౌంటర్ల పిల్లగాడే చెప్పిండు. నడువరానోళ్ళున్నరా అని ఒక డబ్బా ఉంటది సార్, దాన్ల టిక్ కొట్టుండ్రి, కింద పెద్ద రూమ్ వస్తది, ఎట్లైన అది ఖాళీగనే పోతది అన్నడు. మా కాలనీల ఇంకో ఇద్దరికి గూడ వచ్చే ట్రిప్పులకు గట్లనే ఇప్పిచ్చిండు."

"ఏ కౌంటర్?" అన్నాడు జహూర్.

"బ్రిడ్జి సెంటర్ది. ఖాలిద్ అని. మంచోడు, ఎప్పుడు ఫోన్ జేసినా ఎత్తుతడు."

జహూర్ మెడ మీది తువ్వాలు తీసి మడత పెట్టాడు. మళ్ళీ విప్పాడు. ఖమరున్నీసా ముఖంలో ఏమీ కదల్లేదు. కిషోర్‌కు తను ఏం చెప్పాడో తెలియలేదు. ఇద్దరి ముఖాలూ చూసి, కోపం తగ్గించుకుని, "పాప సంచి తెస్త," అని దిగిపోయాడు.

"దించుండ్రి నన్ను," అంది ఖమరున్నీసా.

కింద గదిలో కుర్చీ గుమ్మం దాటినట్టే తెలియలేదు. పైపు మీది బట్టల్ని రోజారాణి తీసేసి, పైపును తడి లేకుండా తుడిచి పోయింది. జహూర్ కుర్చీని బాత్రూమ్‌లోకి తోసి, అలవాటుగా భార్య చంకల కింద చేతులు పెట్టబోయాడు.

"నువ్వు బయటికి నడువు."

"పడతవ్."

"నడువు."

అతను బయటికి వచ్చాడు. తలుపు మూసుకుంది. లోపల గడియ పడింది. మూడేళ్ళలో ఆమె వెనక గడియ పడటం అదే మొదలు.

జహూర్ తలుపుకు చెవి ఆనించాడు. కుర్చీ బ్రేకు వేసిన చప్పుడు. తర్వాత ఒక్క మూలుగు. పైపు మీద గాజులు గీరుకున్నాయి. పైపు కిర్రుమనలేదు. ఎదురు పైపు మీద అరచెయ్యి పడింది. తర్వాత ఏ చప్పుడూ లేదు.

"ఖమర్."

తలుపు మీద వేలితో తట్టాడు.

"అయిందా?"

"కాలే. ఉండు."

చాలాసేపటికి నీళ్ళ చప్పుడు వచ్చింది. ఇంకా చాలాసేపటికి గడియ తీసింది. ముఖం కడుక్కుంది. చింతపండుతో తోమిన ఇత్తడి చెంబులా ఉంది ముఖం. తనంతట తనే చక్రం తిప్పుకుని, ఒక చెయ్యే గనుక వంకరటింకరగా, కిటికీ దగ్గరికి పోయింది. జంపక్కను పిలిచి నీళ్ళడిగింది. ఒక గ్లాసు తాగింది. ఇంకో గ్లాసు తాగింది. తర్వాత చాయ్ అడిగింది.

ఆ రోజంతా కిటికీ దగ్గరే కూర్చుంది. నీళ్ళు ఆమె కళ్ళ ఎత్తులో పోతున్నాయి. పేరంటాలపల్లి దగ్గర అందరూ దిగినా ఆమె కదల్లేదు. గంట గంటకూ నీళ్ళు తాగింది. అవసరం ఉన్నా లేకున్నా నాలుగుసార్లు లోపలికి పోయి గడియ వేసుకుంది.

జహూర్ మంచం అంచున కూర్చున్నాడు. ఖాలిద్‌ను ఏం చెయ్యాలో ఆలోచిస్తున్నాడు. అక్కడ ఫోన్‌కు సిగ్నల్ లేదు. ఉంటే నోటికి వచ్చిందంతా అప్పుడే అనేసేవాడు. లేకపోవడంతో కడుపులోనే పెట్టుకున్నాడు.

"ఖాలిద్ అబ్బా," అంది ఆమె ఒకసారి, కిటికీలోంచి తల తిప్పకుండా. "గీ పైపులు బిగియ్య ఎంతసేపు పట్టింది?"

"ఒక పూట."

"ఒక పూట," అంది.

*

సోమవారం మధ్యాహ్నానికి భద్రాచలం చేరారు. ఖాలిద్ ఇంటి ముందు నిలబడి ఉన్నాడు. కౌంటర్‌కు పోలేదు. జీపు ఆగగానే వచ్చి కుర్చీ దింపాడు. తల్లిని ఎత్తి కూర్చోబెట్టాడు. తండ్రి వంక చూడలేదు.

"ఎట్లుంది అమ్మీ?"

జహూర్ సంచి కింద పెట్టాడు. "ఆ డబ్బాల టిక్ కొట్టుమని ఎందరికి చెప్పినవ్‌రా?"

ఖాలిద్ కుర్చీ చక్రం బ్రేకు సరిచేస్తున్నట్టు వంగే ఉన్నాడు. "అమ్మీ పోతదని నాకేం తెల్సు అబ్బా? పది దినాల కింద ఇచ్చిన. మీరు శుక్రవారం చెప్పిండ్రు."

"శుక్రవారమన్న నోరిప్పొద్దా?"

"ఏమని చెప్పాలె? ఆ రూమ్ రెండు నెలలు ఖాళీగ తిరిగింది. ఎవరొస్తరు అబ్బా అసొంటోళ్ళు లాంచీకి..."

మాట మధ్యలో ఆగిపోయాడు. తల్లి కాళ్ళ దగ్గర వంగి ఉండి అన్నాడు ఆ మాట.

జహూర్ చెయ్యి లేచింది.

"దించు," అంది ఖమరున్నీసా.

"నువ్వు ఊకో. వీడు—"

"వాణ్ణి కొడితే ఏమొస్తది? నేను ఏడికీ పోనని వాడనుకున్నడు. అనుకుంటడు. ఈ ఇంట్ల వాడు చూసింది గదే." ఆమె గొంతు పెద్దది కాలేదు. "మూడేండ్ల సంది దినాం నాలుగుమాట్ల నన్ను చంకల పట్టి లేపుతున్నవ్. తలుపు తీసిపెట్టి. పక్కింటోళ్ళొస్తె, ఆగుండ్రి అని కేకేస్తున్నవ్. నువ్వు షాపుల ఉంటె బిగవట్టుకొని కూసుంటున్న. నీ షాపు ఏడుంది? గోడ అవుతల."

జహూర్ చెయ్యి దిగింది.

"ఊరందరి గేట్లు చేసినవ్. మొన్న నా చేతి కొలత దీస్కపోయి లాంచీల బిగిచ్చొచ్చినవ్. ఒక పూట పనంటివి."

ఖాలిద్ లేచి లోపలికి పోయాడు. ఖమరున్నీసా చక్రం తిప్పుకోబోయింది. ఇంటి గడప అడ్డం వచ్చింది. కుర్చీ ఆగిపోయింది. ఆమె దాన్ని దాటించమని ఎవర్నీ అడగలేదు. గడప ముందే కూర్చుంది.

జహూర్ షాపు తెరిచాడు. లాంచీకి కోయగా మిగిలిన స్టీలు పైపు మూల నిలబెట్టి ఉంది. దాన్ని తీసి బల్ల మీద పెట్టాడు. గ్రైండర్ వైరు ప్లగ్గులో పెట్టాడు. ముందు గడప కోయాలా, పైపు కోయాలా తేల్చుకోలేక కాసేపు నిలబడ్డాడు. తర్వాత టేపు తీసుకుని ఆమె దగ్గరికి వచ్చి మోకాళ్ళ మీద కూర్చున్నాడు.

"చెయ్యి చాపు," అన్నాడు.

ఖమరున్నీసా అతని తల మీంచి షాపులోకి చూసింది. పలక గోడకు ఆనించి ఉంది. దాని మీద సుద్ద అంకెలు చెరిగిపోలేదు. కింది అంకెకు గీత కూడా ఉంది.

"కొలత నీకు తెల్సు," అంది.

కుడిచేతిని తీసి, ఒళ్ళో ఉన్న ఎడమచేతి మీద పెట్టుకుంది.